జతగాడి కొక్కెం

పోయిన వారం వదినని ఆసుపత్రి మూడో అంతస్తులో, మూసిన తలుపు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, అక్కడే ఉంది. చేతిలో పళ్ళ సంచి. తలుపు అవతల మంచం మీద పడుకున్న మనిషి ఆమె మరిది చేతిలో చావు తప్పి బయటపడ్డవాడు. ఆయన కేసు వద్దంటే మరిది ఉద్యోగం నిలుస్తుంది. కాదంటే జైలు.

ఆమెని ఫైర్ స్టేషన్లో అందరూ వదిన అనే పిలుస్తారు. కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తి, వైర్‌లెస్‌లో బండ్లకి దారి చెప్పే ఉద్యోగం. భర్తదీ అదే స్టేషన్. ఏడాది కిందట ఒక గోదాం మంటల్లో పోయాడు. ఆ రోజు ఆయనకి జతగా లోపలికి వెళ్ళింది సొంత తమ్ముడే, స్టేషన్ మొత్తానికి చిన్నోడు. ఇద్దరు వెళ్ళారు, ఒక్కడు వచ్చాడు. కప్పు కూలి ఇద్దరి మధ్యా పడిందనీ, ఇద్దర్నీ కలిపిన పట్టీ తెగిపోయిందనీ చిన్నోడు చెప్పాడు. విచారణలోనూ అదే తేలింది. వదినా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఇంట్లో మిగిలిన మగదిక్కు వాడొక్కడే.

ఇంతలో టీవీలో ‘ఎర్రబండి’ మొదలైంది. ఫైర్‌మన్ల మీద సీరియల్. దాన్ని చీల్చి చెండాడని విమర్శకుడు లేడు. “మంటలు గ్రాఫిక్సు, కన్నీళ్ళు గ్లిజరిను” అని ఒకరు రాశారు. “తగలబెట్టాల్సింది గోదాముని కాదు, స్క్రిప్టుని” అని ఇంకొకరు. హీరో హెల్మెట్ కింద జుట్టు చెదరకపోవడం మీద ఒకాయన అరపేజీ ఖర్చు పెట్టాడు. ఇక తొమ్మిదో ఎపిసోడ్ వచ్చాక అయితే అందరూ ఏకమై దుమ్మెత్తిపోశారు. అందులో ఒక ఫైర్‌మన్ భయపడి, కత్తితో తాడు కోసేసి, జతగాణ్ణి మంటల్లో వదిలి పారిపోతాడు. అగ్నిమాపక వీరులకి ఇంతకన్నా అవమానం లేదని, ఛానల్ క్షమాపణ చెప్పాలని రాశారు.

ఒక్క కత్తెర మాత్రం ఎదురు రాశాడు. కత్తెర ఆయన కలం పేరూ కాదు, కన్నవాళ్ళు పెట్టిన పేరూ కాదు, సినిమావాళ్ళు కసితో పెట్టింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన ఈయనకి ఊళ్ళో నిలువనీడ ఉండకూడదు. “ఎర్రబండి అంతా అబద్ధం. తాడు కోసిన ఆ ఒక్క నిమిషమే నిజం. ధైర్యానికి జీతం ఇవ్వగలం, భయానికి సెలవు ఇవ్వలేం. భయపడ్డ మనిషి అలాగే చేస్తాడు. చేసి, జీవితాంతం వీరుడిగా తిరుగుతాడు” అని రాశాడు.

పత్రిక వచ్చిన పూటే చిన్నోడు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. చేతిలో హెల్మెట్ ఉంది. తలకి పెట్టుకోవడానికి మాత్రం తీసుకెళ్ళలేదు.

ఆ తర్వాత లోకం తీరు చూడండి. కొట్టినవాడికి దండలు పడ్డాయి. వృత్తి పరువు నిలబెట్టిన వీరుడని ఛానళ్ళు చూపించాయి. సీరియల్‌ని తిట్టిన విమర్శకులే తోటి విమర్శకుడి పళ్ళు రాలితే “హింసను సమర్థించం, కానీ...” అని మొదలుపెట్టి, ఆ ‘కానీ’ తర్వాత రెండు కాలమ్‌లు సమర్థించారు.

వదిన తలుపు తోసింది.

కత్తెర మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి వేళ్ళకి కట్లు. పై పెదవి చీలి, నల్లటి దారంతో కుట్లు వేసి ఉంది. మనిషి అరవై దాటినవాడు. ఇంత ముసలాయన్నా వీడు కొట్టింది అనుకుని ఆమెకి సిగ్గేసింది.

“రామ్మా. పళ్ళు తెచ్చావా? తినడానికి నా పళ్ళు మీ మరిది దగ్గరే ఉన్నాయి.”

నవ్వబోయాడు. కుట్లు లాగి ఆగిపోయాడు.

“సార్, క్షమాపణ అడగడానికి నాకు మొహం లేదు. వాడు అన్నని పోగొట్టుకున్నవాడు. మీరు రాసింది చదివి పిచ్చెక్కిపోయింది. కడుపుమంట సార్, మీ మీద పగ కాదు. పెద్ద మనసు చేసుకోండి.”

“కూర్చో ముందు.” ఆయన ఒంటికన్నుతో ఆమెని పరీక్షగా చూశాడు. “ముప్పై ఏళ్ళుగా తెర మీద దెబ్బలాటలు చూసి మార్కులు వేస్తున్నాను. నా మీదే జరగడం ఇదే మొదటిసారి. మీ వాడి కొట్టుడుకి వంక పెట్టలేను. మొదటి దెబ్బకి కళ్ళజోడు ముఖంలోకి దిగింది. రెండో దెబ్బకి నేల మీదున్నాను. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ మీద బూటుకాలేసి తొక్కాడు. ఒక్కో వేలూ విరుగుతుంటే నాకే వినపడింది. అంతా సహజంగా ఉంది. డైలాగే నప్పలేదమ్మా.”

“ఏం డైలాగు సార్?”

“మనిషి కోపంలో ఏమంటాడు? నా అన్నని అంటావా అంటాడు, ఫైర్‌మన్లంటే ఏమనుకున్నావురా అంటాడు. మీ మరిది అవేవీ అనలేదు. దెబ్బ దెబ్బకీ ఒక్కటే మాట. ‘కొక్కెం నేను విప్పలేదు. కొక్కెం నేను విప్పలేదురా.’ మా ఆఫీసులో వాళ్ళొచ్చి లాగేదాకా అదే.”

వదిన పళ్ళ సంచి ఒళ్ళోకి లాక్కుంది.

“ఎర్రబండి మూడుసార్లు చూశాను. తిట్టాలన్నా చూడాలి కదా, అదీ మా ఖర్మ. అందులో కొక్కెం లేదు. తాడు ఉంది, కత్తి ఉంది. నేను రాసిందీ తాడూ కత్తే. ఇంతకీ కొక్కెం ఎక్కడిది?”

“కోపంలో ఏదో వాగుంటాడు సార్.”

“అంతేలే.” ఆయన తెరిచున్న కన్ను కూడా మూసుకున్నాడు. “ఊళ్ళో ఇన్ని స్టేషన్లున్నాయి. నేను రాసింది అందరూ చదివే ఉంటారు. తిట్టుకుని పక్కన పడేసుంటారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడు ఒక్కడే వచ్చాడు. నేను ఎవర్నీ దృష్టిలో పెట్టుకుని రాయలేదమ్మా, ఒట్టు. మీ ఆయన సంగతే నాకు తెలీదు, ఆసుపత్రికొచ్చాక నర్సు చెప్పింది. నేనో సీరియల్ గురించి రాశాను. వాడు తన గురించి చదువుకున్నాడు.”

సంచిలోంచి ఒక పండు దొర్లి మంచం కిందికి పోయింది. ఇద్దరూ దాన్ని తీయలేదు.

“కేసు వెనక్కి తీసుకుంటాను,” అన్నాడు కత్తెర. “నీ మొహం చూసి. కాకపోతే ఇవాళ కాదు. పోయి ఆలోచించుకో. రేపొచ్చి మళ్ళీ ఇదే మాట అడుగు. అప్పటికీ వాణ్ణి వదిలెయ్యాలనే అనిపిస్తే సంతకం పెడతాను. ఎడంచేత్తో.”

బస్సులో కూర్చున్నా ఆమెకి కొక్కెమే కళ్ళ ముందు ఆడింది.

అదేమిటో మీకూ చెప్పాలి. పొగలోకి దిగే ఇద్దర్నీ బారెడు పట్టీ ఒకటి కలిపి ఉంచుతుంది. రెండు చివర్లా ఉక్కు కొక్కేలు, తగిలిస్తే వాటంతటవే పడతాయి, విప్పాలంటే రెండు చేతులూ కావాలి. వాటిని నడుము బెల్టుకి వెనక వైపు తగిలిస్తారు. బెల్టు బకిలూ వెనకే. పాకుతున్నప్పుడు నేలకి రాసుకోకూడదని ఒక కారణం. పాత ఫైర్‌మన్లు చెప్పే అసలు కారణం వేరు, భయం వేళ్ళకి కొక్కెం అందకూడదని. వీపు మీద గాలి సిలిండరు, చేతికి మందపాటి గ్లవ్స్. ఎవడి కొక్కెం వాడు విప్పుకోలేడు. తగిలించేదీ జతగాడే, విప్పేదీ జతగాడే.

పట్టీ తెగిపోయిందన్నాడు. తెగిన పట్టీకి కొక్కెం విప్పడం ఏమిటి? ఏడాది పాటు ఒకే ఇంట్లో ఆమె వడ్డించిన అన్నం తిని, ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చుని తానూ ఏడ్చి, తెగిపోయిందనే చెప్పాడు. స్టేషన్ స్టాపులో దిగేసరికి ఆమెకి కేసు సంగతే గుర్తు లేదు. దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం కొత్తవాళ్ళకి పొగ శిక్షణ. పెరట్లో పంపు బండి ఇంజను పెట్టి ఉంది, దాని రొదకి పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. పెరటి చివర పొగ గది. కిటికీల్లేని ఇటుకల గది, ఇనుప తలుపు. బయట ఒక పెద్ద పీపాలో తడి గోనెలు కాల్చి, ఫ్యాన్‌తో ఆ పొగని గొట్టంలోంచి గదిలోకి తోస్తారు. లోపల ఎక్కడో ఇసుక నింపిన బొమ్మ ఉంటుంది. కొత్తవాళ్ళు పాకి వెళ్ళి దాన్ని ఈడ్చుకురావాలి.

నోటీసు బోర్డు మీద పత్రికలోంచి కత్తిరించిన చిన్నోడి ఫోటో అంటించి ఉంది. దాని పక్కన గోడకి వేలాడే పట్టీల్లోంచి ఒకటి తీసుకుంది వదిన. నీళ్ళ గొట్టాలు బిగించే ఇనుప పానా కూడా తీసుకుంది.

చిన్నోడు పొగ గదిలో ఒంటరిగా ఇసుక బొమ్మని గోడవారగా లాగుతున్నాడు. శిక్షణ కోటు వేసుకుని ఉన్నాడు. ఆమె లోపలికొచ్చి తలుపు దగ్గరకేసింది. తలుపు మీదున్న ఒక్క బల్బు తప్ప వెలుతురు లేదు.

“ఏమన్నాడు వదినా ముసలోడు? ఒప్పుకున్నాడా?”

“కొక్కెం ఎవరు విప్పారు?”

వాడి చేతిలోంచి బొమ్మ జారింది.

“ఏ కొక్కెం?”

పానా వాడి దవడ మీద పడింది. ఆమె ఎప్పుడూ ఎవర్నీ కొట్టి ఎరగదు. అయినా చెయ్యి తడబడలేదు. వాడు గోడకి కొట్టుకుని, నోట్లోంచి కారే రక్తాన్ని అరచేత్తో పట్టుకుని, అర్థం కానట్టు చూశాడు. రెండో దెబ్బ మణికట్టు మీద వేసింది. ఎముక పటుక్కుమంది. వాడు కేకేశాడు, బయట ఇంజను ఆ కేకని మింగేసింది.

“ఏడాది! ఏడాది నా ఇంట్లో తిన్నావు కదరా! తెగిపోయిందని నా చేతులు పట్టుకుని ఏడ్చావు కదరా!”

మూడో దెబ్బకి వాడు అడ్డం వచ్చాడు. బాగున్న చేత్తో ఆమె గొంతు దొరకబుచ్చుకుని గోడకి అదిమాడు. తల ఇటుకలకి తగిలి ఆమె కళ్ళు బైర్లు కమ్మాయి. పానా కింద పడింది. వాడి వేళ్ళు బిగుసుకుంటున్నాయి. చంపేస్తాడనే అనుకుంది. పెద్ద భయం కూడా వేయలేదు. దొరికిన బొటనవేలిని పళ్ళతో ఎముక దాకా కొరికింది. వాడు వదిలేసి వెనక్కి పడ్డాడు.

ఇద్దరూ నేల మీద కూర్చుని రొప్పుతూ ఒకర్నొకరు చూసుకున్నారు. వాడి మొహంలో తన భర్త పోలికలున్నాయి. అది చూసే ఇన్నాళ్ళూ వాడికి ఇంకో ముద్ద వడ్డించేది. ఆ పోలిక ఇప్పుడు ఆమెకి కంపరంగా ఉంది.

“నేను విప్పలేదు వదినా,” అన్నాడు ఏడుస్తూ. “అన్న మీద ఒట్టు. నేను విప్పలేదు. నాకెలా అందుతుంది? నీకు తెలీదా? కావాలంటే చూడు.”

అక్కడే వాడు పొరపాటు చేశాడు. ఫైర్‌మన్ మాత్రమే చేసే పొరపాటు. మూలనున్న ఖాళీ సిలిండర్ వీపుకి తగిలించుకున్నాడు, బరువు అలవాటు కావడానికి వాడేది, చుక్క గాలి ఉండదు. విరిగిన చెయ్యి వేలాడుతుంటే దాంతోపాటున్న బెల్టు నడుముకి చుట్టుకుని, వృత్తిలో చేరిన రోజు నుంచీ చేస్తున్నట్టే జతగాడి వైపు వీపు తిప్పాడు.

“బిగించు. కొక్కెం తగిలించు. ఆ చివర గోడకున్న రింగుకి తగిలించు. నా చెయ్యి అందితే నువ్వు చెప్పిందే నిజం.”

ఆమె బకిల్ బిగించింది. కొక్కెం బెల్టుకి తగిలించింది. రెండో చివర ఇసుక బొమ్మని కట్టే ఇనుప రింగుకి తగిలించింది. రెండూ టక్కుమన్నాయి.

వాడు బాగున్న చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. సిలిండర్ అడ్డం. కింది నుంచి ప్రయత్నించాడు. కొక్కేనికి బెత్తెడు దూరంలో వేళ్ళు గాల్లో ఆడాయి.

“చూశావా? చూశావా వదినా?”

చూసింది. నిజమే, అందలేదు. ఒక్క క్షణం ఆమెకి అనవసరంగా కొట్టానా అనిపించింది. ఆ వెంటనే అసలు ప్రశ్న తట్టింది.

“మరి ఎవరు విప్పారు?”

వాడు చెయ్యి ముందుకి తెచ్చుకున్నాడు.

“లోపల ఉన్నది ఇద్దరే. నీ కొక్కెం నీకు అందదు. ఎవరు విప్పారురా?”

“అన్నే.” వాడు గోడకి జారబడ్డాడు. “మెట్ల కింద దూలం పడింది. అన్న వెల్లకిలా పడ్డాడు, కాలు దాని కింద ఇరుక్కుంది, కొక్కెం వీపు కింద ఉండిపోయింది. లాగాను వదినా, నిజంగా లాగాను. రాలేదు. పైన మంట మెట్లు దిగుతోంది. పట్టీ ఉంది కాబట్టి నేనూ కదల్లేను. విప్పు అన్నా అన్నాను. అన్న ముందు వినపడనట్టు ఊరుకున్నాడు. మళ్ళీ అన్నాను. ఏడ్చాను. విప్పు అన్నా, విప్పు అన్నా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. విప్పేశాడు.”

వదిన గోడ పట్టుకుంది. విప్పేస్తాడు. ఆ మనిషి విప్పకుండా ఎలా ఉంటాడు? తమ్ముడు అడిగితే ఒంటి మీద చొక్కా విప్పిచ్చిన మనిషి. కోపంలోనే ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది, గర్వం లాంటిదేదో కూడా. అక్కడితో ఆగిపోయినా బాగుండేది. వాణ్ణి క్షమించేది కూడా.

“విప్పి ఏమన్నాడు?”

వాడు తల అడ్డంగా ఊపాడు.

“ఏమన్నాడురా?”

“సిలిండర్లో సగం గాలుంది అన్నాడు. మెట్ల కిందున్నానని చెప్పు, జాకీ పట్టుకుని నలుగుర్ని తీసుకురా, నేనిక్కడే ఉంటా అన్నాడు.”

బయట ఇంజను రొద ఒక్కసారి తగ్గి మళ్ళీ పెరిగింది.

“మరి నువ్వేం చెప్పావు?”

“బయటికి రాగానే ఆఫీసర్ అడిగాడు, లోపల ఎవరన్నా ఉన్నారా అని. ఉన్నాడంటే దారి నేనే చూపించాలి. ఆ పొగలో మెట్లెక్కడున్నాయో నాకొక్కడికే తెలుసు. మళ్ళీ లోపలికెళ్ళాలి వదినా! నా వల్ల కాలేదు. కాళ్ళు రాలేదు. కప్పు కూలింది, అన్న పోయాడు, లోపల ఎవరూ లేరు అనేశాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి ఎలా తీసుకోను?”

ఆమెకి ఆ మాట తెలుసు. ఆ రోజు విన్నది. కంట్రోల్ రూమ్‌లో, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని. వైర్‌లెస్‌లో పేర్లు చెప్పరు. వచ్చిన కబురుని వచ్చినట్టే తిరిగి చెప్పాలి, అవతలివాళ్ళు సరే అనాలి, అప్పుడే అది ఆర్డరవుతుంది. ఆఫీసర్ గొంతు “లోపల ఎవరూ లేరు, వెనక్కి వచ్చేస్తున్నాం” అంది. ఆమె తన ఉద్యోగం తాను చేసింది. స్పష్టంగా, తడబడకుండా, రోజూ చెప్పేలాగే తిరిగి చెప్పింది. “లోపల ఎవరూ లేరు. వెనక్కి వచ్చేయండి.”

మెట్ల కింద ఆయన సగం సిలిండర్ గాలితో ఎదురుచూస్తున్నాడు. ఆయన భుజానికీ వైర్‌లెస్ ఉంది. మాట పంపలేనంతగా పాడైందని విచారణలో తేలింది. వినపడకుండా పాడైందని మాత్రం ఎవరూ అనలేదు. ఆఖరుగా ఆయన విన్నది భార్య గొంతే అయ్యుంటుంది.

ఆమె కేక పెట్టలేదు. వంగి పానా తీసుకుంది. వాడు చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె కొట్టలేదు. తలుపు వైపు నడిచింది.

“వదినా. ఎక్కడికి?”

ఆమె తలుపు తీసింది.

“వదినా, ఇది విప్పు. పొగ పెట్టే టైమయింది.” వాడు ఒంటిచేత్తో రింగు దగ్గరి కొక్కెం లాగాడు, ఊడలేదు. పట్టీ బిర్రుగా సాగి, రింగు గోడకి కొట్టుకుంది. “విప్పు వదినా. ఎవరికైనా చెప్తాను, ఆఫీసర్‌కి చెప్తాను, పత్రికల వాళ్ళకి చెప్తాను. విప్పు! వదినా, విప్పు!”

ఆయన కూడా ముందు వినపడనట్టే ఊరుకున్నాడట. రెండోసారికి విప్పేశాడు. ఆమె గుమ్మంలో రెండోసారి కూడా విన్నది.

ఇనుప తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

పెరట్లో కొత్తవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. పీపాలో గోనెలు రాజుకుని తెల్లటి పొగ సుడులు తిరుగుతోంది. లోపలి నుంచి గోడకి ఏదో కొట్టుకుంటున్నట్టుంది. పంపు బండి రొదలో అది కొట్టడమో ఇంజను వణుకో ఎవరికి తెలుస్తుంది? ఆఫీసర్ గొట్టం దగ్గర మీట మీద చెయ్యి వేసి ఆగాడు. పొగ గదికి ఒక నియమం ఉంది. మీట తిప్పే ముందు అందరికీ వినపడేలా అడగాలి. ఆఖరున బయటికొచ్చినవాళ్ళు జవాబు చెప్పాలి. చెప్పిందాన్ని తిరిగి చెప్పాకే మీట తిప్పాలి.

వదిన మెడ మీది వేళ్ళ గుర్తుల్ని పైటతో కప్పుకుంది.

“లోపల ఎవరన్నా ఉన్నారా?” ఆఫీసర్ అరిచాడు.

ఆమె గొంతు సవరించుకుంది. వచ్చిన గొంతు ఆమెకి బాగా తెలిసిందే. స్పష్టంగా, తడబడకుండా, రోజూ చెప్పేలాగే వచ్చింది.

“లోపల ఎవరూ లేరు.”

“లోపల ఎవరూ లేరు,” అని తిరిగి చెప్పి, ఆఫీసర్ మీట తిప్పాడు.